వానాకాలపు నేరస్తులు

ఒక పెద్ద అడవిలో పులి రాజ్యం ఏలుతుండేది, ఏనుగు తీర్పులు చెబుతుండేది, కొండముచ్చు మంత్రి పదవి వెలగబెడుతుండేది. మరి మిగతా జంతువులు ఏం చేస్తుండేవంటారా? శిక్షలు అనుభవిస్తుండేవి. ఎవరో ఒకరు అనుభవించాలి కదండీ, లేకపోతే కోర్టు ఎలా నడుస్తుంది?

ఆ కోర్టుది ఒక ప్రత్యేకమైన పద్ధతి. అక్కడ నోటిమాట సాక్ష్యం చెల్లదు. జడ్జి ఏనుగు గజపతిగారి తాతగారి హయాంలో చిలకలు జామపళ్ళు మేసి దొంగసాక్ష్యాలు చెప్పాయట. దాంతో పెద్దాయనకి ఒళ్ళు మండి, ఇకమీదట నోరున్నవాళ్ళెవర్నీ నమ్మేది లేదు, మట్టినే నమ్ముతానన్నాడు. అప్పట్నించీ అదే చట్టం. దొంగతనం జరిగిన చోట తడిమట్టిలో అడుగుజాడ దొరకాలి. ఆ మట్టిని పలకలాగా కోసి కోర్టుకి తెస్తారు. ఎవరి కాలు అందులో సరిగ్గా కూర్చుంటే వాళ్ళే దొంగ. శిక్ష పడగానే ఆ పలకని ఎండబెట్టి కొండగుహలో భద్రం చేస్తారు. తరతరాల నేరాలన్నీ ఆ గుహలో దొంతర్లుగా పేర్చి ఉండేవి.

వరహాలమ్మ అనే అడవిపందికి ఆ గుహలో ఒక దొంతర మొత్తం ఉంది. అలాగని ఆవిడ దొంగ కాదు. పాపం, తిండిపోతు, అంతే.

సంగతేమిటంటే, అడవి మొత్తానికీ ఒక ఉమ్మడి గాదె ఉంది. గాదె అంటే పెద్ద ఇప్పచెట్టు తొర్ర. ఎండాకాలంలో అందరూ ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, వానాకాలం తిండికని ఆ తొర్రలో పోస్తారు. దానికి కాపలా మంత్రి సుందరంగారి బంధువులు. అంటే కొండముచ్చులే. అవి కొమ్మల మీదుగా వచ్చి, గుప్పెళ్ళతో తోడుకుని, సగం నోట్లో వేసుకుని సగం కింద పారబోసి, మళ్ళీ కొమ్మల మీదుగానే వెళ్ళిపోతాయి. కింద పడ్డది ఏరుకోవడానికి పందులూ దుప్పులూ జింకలూ వస్తాయి. గాదె తరిగిందని గొడవ మొదలయ్యేసరికి చెట్టు కింద బురద నిండా ఎవరి అడుగులుంటాయో మీరే చెప్పండి.

పంది చెట్టెక్కగా చూసినవాళ్ళు ఆ అడవిలో ఒక్కరూ లేరు. అయినా చెట్టు కింద అడుగుంది కదా, చాలదూ?

పైగా శిక్ష ఏమిటంటే, రాజుగారి చెరువులో పూడిక తియ్యడం. ఆ చెరువు సరిగ్గా ఇప్పచెట్టు పక్కనే ఉంది. శిక్ష అనుభవించడానికి వచ్చినవాళ్ళు గట్టు మీద నడవాలా వద్దా? నడిస్తే అడుగు పడుతుంది. అడుగు పడితే కొత్త కేసు. కొత్త కేసు పడితే మళ్ళీ పూడిక. వరహాలమ్మ అలా ఒకసారి చెరువులోకి దిగింది, మళ్ళీ పైకి వచ్చిందే లేదు.

"ఏం చేస్తాం, మన కాళ్ళు మనకి శత్రువులు" అని తిట్టుకుంటూ పని చేసుకునేది. కొడుకు సింహాద్రి పుట్టాక మాత్రం ఆవిడకి భయం పట్టుకుంది. వాడు ఎండాకాలంలో పుట్టాడు. ఇంకా వాన చూడలేదు. వాడి అడుగు ఇంకా ఏ పలక మీదా లేదు.

అలాంటి రోజుల్లో ఆ అడవికి డాక్టర్ విశాలాక్షయ్య వచ్చాడు. ఆయన దేవాంగపిల్లి. మొహంలో కళ్ళు పోగా మిగిలింది చాలా తక్కువ. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి పోవాలంటే ముందు బాగా ఆలోచిస్తాడు. పుట్టి బుద్ధెరిగాక నేల మీద కాలు పెట్టి ఎరగడు.

"మహాప్రభూ, మీ గుహలో ఉన్నది మట్టి కాదు, బంగారం!" అన్నాడు రాజుగారితో. "అడవి మొత్తం జనాభాలో నేరం ఎక్కడ పుడుతుందో, ఎలా పెరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో ఆ పలకలే చెబుతాయి. నాకు అనుమతిస్తే ఒక్కొక్కరి నేరజీవితం మొదట్నించి చివరిదాకా గీసి చూపిస్తాను."

పులిరాజుకి నేరాల మీద పెద్ద ఆసక్తి లేదు గానీ, నివేదిక అన్న మాట ఆయనకి మహా ఇష్టం. పక్క అడవి రాజు దగ్గర ఒకటుందని ఎవరో చెప్పారు.

"కానివ్వండి" అన్నాడు. "గుహలో ఒక్క పలక కూడా వదలొద్దు. గుహలో ఉన్నదంతా నేరమే, నేరం కానిదేదీ గుహలో ఉండదు. ఇది మా ఆజ్ఞ."

డాక్టరుగారు గుహ కప్పుకి వేలాడుతూ ఎండాకాలమంతా పలకలు లెక్కపెట్టాడు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాడు. లంచం తీసుకోడు, అబద్ధం చెప్పడు, ఎవరి జోలికీ పోడు. ఆ మంచితనమే అడవి కొంప ముంచింది.

నిండు సభలో నివేదిక చదివాడు.

"నేరం గిట్టల్లో ఉంది" అని మొదలుపెట్టాడు. సభ గొల్లుమంది. "నేరస్తుల్లో ఇంచుమించు అందరూ గిట్టలున్నవాళ్ళే. కొండముచ్చుల్లో తరతరాలుగా ఒక్క నేరస్తుడు కూడా లేడు. పక్షుల్లో లేడు. ఇది రక్తంలో ఉన్న సంస్కారం."

మంత్రి సుందరం తల వంచుకుని సిగ్గుపడ్డాడు. బుగ్గలో ఇంకా కాస్త ఇప్పపువ్వు ఉంది.

"రెండో విషయం. నేరస్తుడు ఎండాకాలంలో మారిపోతాడు. మంచివాడవుతాడు. తొలకరి పడగానే మళ్ళీ చెడిపోతాడు. దీనికి కారణం మనసులో కలిగే ఒక రకమైన తేమ అని నా అభిప్రాయం."

"ఆహా!" అన్నాడు రాజుగారు.

"మూడో విషయం అన్నిటికన్నా ముఖ్యం. పుట్టిన మొదటి వానాకాలంలోనే నేరం చేసినవాడు జన్మలో మానడు. ఒకసారి చెరువులో దిగినవాడు మళ్ళీ మళ్ళీ దిగుతూనే ఉన్నాడు. కాబట్టి ఏ జాతి పలకలు ఎక్కువుంటే ఆ జాతి పిల్లల్ని, మొదటి వానాకాలం ముదరకముందే, ఏటవతలి రాళ్ళగుట్ట మీద పెట్టాలి. అక్కడ బురద లేదు. నేరం పుట్టే వీల్లేదు."

రాళ్ళగుట్ట మీద బురదే కాదు, దుంపా లేదు, గడ్డీ లేదు. ఆ సంగతి నివేదికలో లేదు.

 సభ అయిపోగానే వరహాలమ్మ తిన్నగా డాక్టరుగారు వేలాడుతున్న చెట్టు దగ్గరికి పరుగెత్తింది.

"బాబుగారూ, నా కొడుకుని గుట్టకి పంపుతారా? వాడేం చేశాడు?"

"ఇంకా ఏమీ చెయ్యలేదమ్మా. చెయ్యకముందే పంపడమే ఇందులో గొప్పతనం."

"చెయ్యడని నేను చెబుతున్నా కదండీ!"

"నువ్వు చెబితే లాభం లేదు తల్లీ. నీకే ఒక దొంతరుంది. నేను స్వయంగా చూశాను, చాలా చక్కని దొంతర. నా మూడో అధ్యాయమంతా నీమీదే ఆధారపడి ఉంది."

వరహాలమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "అయ్యా, మొదటి పలక నేను నీళ్ళు తాగడానికి పోతే పడింది. తర్వాతవన్నీ మీ పూడిక తీస్తుంటే పడ్డవి. చెట్టు మీద తిన్నది ఎవరో మీకు తెలీదా? రోజూ మీ నెత్తి మీద నుంచే కదా పోతున్నారు!"

డాక్టరుగారు నొచ్చుకున్నాడు. "చూడమ్మా, నా కళ్ళతో చూసింది లెక్కలోకి రాదు. గుహలో ఉన్నదే లెక్క. ప్రతి పలకా ఎందుకు పడిందని అడుగుతూ కూర్చుంటే శాస్త్రం ముందుకు సాగదు. అయినా ఇది నీ గురించీ కాదు, మీవాడి గురించీ కాదు. ఇది సగటు గురించి."

"సగటా? వాడెవడండీ? ఎక్కడుంటాడు? వాణ్ణే పంపండి గుట్టకి!"

ఆయన ఆ పెద్ద కళ్ళు ఇంకా పెద్దవి చేసి, జాలిగా చూసి, నెమ్మదిగా పై కొమ్మకి బయల్దేరాడు. చేరేసరికి సాయంత్రమైంది. వరహాలమ్మ అంతసేపూ కిందే నిలబడి తిట్టింది.

పిల్లల్ని పంపమని కోర్టు తీర్పు ఇంకా రాకముందే గుట్ట మీద పిల్లల శిబిరానికి ప్రారంభోత్సవం పెట్టారు. ప్రారంభోత్సవమంటే ఊరికే అవుతుందా? శిలాఫలకం కావాలి. గుట్ట రాయి చెక్కడం ఎవరి తరమూ కాలేదు. మంత్రి సుందరానికి ఒక ఆలోచన తట్టింది.

"మహాప్రభూ, తమరి పాదముద్రే వేయిద్దాం. మెత్తటి మట్టి పలక మీద తమరి శ్రీపాదం, పక్కన నాది, ఆ పక్కన డాక్టరుగారిది. ఎండాక గుట్ట ద్వారానికి తగిలిద్దాం. పిల్లలు రోజూ చూసి బుద్ధి తెచ్చుకుంటారు."

రాజుగారు ఉబ్బిపోయాడు. చెరువు గట్టు మీద సభ. మామిడాకులూ, దండలూ, నెమలి నాట్యమూ అన్నీ ఉన్నాయి. చల్లటి మట్టి పలక పరిచారు. రాజుగారు కాలు ఆనించాడు. చప్పట్లు. ముద్ర ఎంత ముద్దుగా వచ్చిందో చూసుకుని మురిసిపోయి, "మా చంటివాడిది కూడా వెయ్యండి" అని పులిపిల్లని ముందుకి తోశాడు. యువరాజు ఒక కాలు వెయ్యమంటే నాలుగూ వేశాడు. సభ ముద్దులు కురిపించింది.

మంత్రిగారు వేశాక ఆయన తమ్ముడు వేశాడు. తమ్ముడు వేస్తే బావమరిది ఊరుకుంటాడా? బావమరిది వెనక పినతండ్రులూ, వియ్యాలవారూ, వాళ్ళ ఇరుగుపొరుగూ. కొండముచ్చులు ఒకరి తోక ఒకరు లాక్కుంటూ, తోసుకుంటూ పలకల మీద పడ్డాయి. ఒక్కొక్కడు రెండేసి మూడేసి. పలకలు చాలక కొత్త మట్టి కోసుకొచ్చారు. చివరికి డాక్టరుగారు కిందికొమ్మకి తోకలేని ఒళ్ళు వేలాడదీసుకుని, ఒక్క చెయ్యి మట్టికి తాకించి, మొహం చిట్లించి, గబగబా ఆకుతో తుడుచుకున్నాడు. గబగబా అంటే ఆయన లెక్కలో.

అంతలో ఉరుము ఉరిమింది. తొలకరి వాన ధబధబా మొదలైంది.

"పలకలు! పలకలు!" అని అరిచాడు మంత్రి, తను మాత్రం చెట్టెక్కేస్తూ. "కరిగిపోతే మీ తోలు వలుస్తాను! ఎక్కడైనా పొడిగా ఉన్నచోట పెట్టండి!"

ఆ పలకలు మొయ్యాల్సింది ఎవరు? పూడిక తీస్తున్న వరహాలమ్మే, ఆవిడతో పాటు శిక్షలో ఉన్న దుప్పులూను. వీపుల మీద పలకలు పెట్టుకుని వానలో నిలబడ్డారు.

"ఎక్కడ పెడదాం వదినా?" అంది ఒక దుప్పి.

వరహాలమ్మ అటూ ఇటూ చూసింది. వాన పడితే ఆ అడవిలో పొడిగా ఉండే చోటు ఒకే ఒక్కటి. అక్కడికి దారి ఆవిడకి బాగా తెలుసు.  సింహాద్రి మొహం గుర్తొచ్చింది.

"మంత్రిగారు పొడిగా ఉన్నచోట పెట్టమన్నారు" అంది. "గుహలో పెడదాం పదండి. ఖాళీ మూలన కాదు. వరసలో పెట్టాలి, పద్ధతిగా."

మర్నాడే కోర్టుకి వెళ్ళి గజపతిగారి ముందు మోకరిల్లింది.

"ధర్మప్రభువులు! మా పిల్లల్ని తీసుకెళ్ళమని తీర్పు ఇచ్చేముందు తాజా లెక్క చూడాలా వద్దా? వాన మొదలైపోయింది. కొత్త నేరస్తులెవరో తేలాలి. పాత లెక్క మీద కొత్త తీర్పు చెబితే మీ తాతగారికి చెడ్డపేరు రాదూ?"

తాతగారి మాట ఎత్తితే గజపతిగారు కరిగిపోతారు. తొండం ఊపి, చెవులు ఊపి, "లెక్క చూడాల్సిందే. ఇది మా పద్ధతి" అన్నారు. గుహకి వెళ్ళి కొత్తగా లెక్కపెట్టుకు రమ్మని డాక్టరుగారికి హుకుం జారీ అయింది.

తాజా లెక్క చదివే రోజున కోర్టు కిటకిటలాడింది. రాజుగారు యువరాజుని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాడు. గుట్టకి పంపాల్సిన పందిపిల్లల్నీ దుప్పిపిల్లల్నీ తాళ్ళతో ఒక పక్క కట్టి ఉంచారు. సింహాద్రి తల్లి వైపే చూస్తున్నాడు.  తను అనుకున్నది జరక్కపోతే ఏం చెయ్యాలో వరహాలమ్మకి తెలీదు.

డాక్టరుగారు దూలానికి వేలాడి గొంతు సవరించుకున్నాడు. 

"నా వృత్తిలో ఇలాంటి మార్పు ఎన్నడూ చూడలేదు" అన్నాడు. "ఈ వానాకాలంలో కొత్త నేరాలు చేసినవాళ్ళలో గిట్టలున్నవాళ్ళు ఒక్కరూ లేరు."

సభ గుసగుసలాడింది.

"అత్యధిక నేరాలు కొండముచ్చులవి. ఇన్నాళ్ళూ అణచిపెట్టుకున్న నేరస్వభావం ఒక్కసారిగా బద్దలైందని నా అభిప్రాయం. ఒక్క కుటుంబంలోనే తాతలు, తండ్రులు, మేనల్లుళ్ళు, వియ్యంకులు. ముఠా నాయకుడు మంత్రి సుందరంగారు."

"ఏం వాగుతున్నావయ్యా!" అని మంత్రి దూలం మీద నుంచి జారి కిందపడ్డాడు.

"దేవాంగపిల్లుల్లో ఈ అడవిలో ఉన్నది నేనొక్కణ్ణే. నా పలక ఒకటుంది. అంటే మా జాతి మొత్తం నేరస్తులే. ఇది చెప్పడానికి నాకు చాలా బాధగా ఉంది, కానీ లెక్క లెక్కే." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, పాపం. "ఇక పులుల విషయం. రాజావారిది ఒకటి. యువరాజువారివి నాలుగు. మొదటి వాన పడ్డ రోజే నాలుగు నేరాలు! ఇంత చిన్న వయసులో ఇంత తీవ్రంగా మొదలైనవాడు నా పలకల్లో ఇంకెవరూ లేరు. ఈ బాబు జన్మలో మానడు. ఈ పూటే గుట్టకి పంపాలి."

రాజుగారి గాండ్రింపుకి గూళ్ళలో పక్షులన్నీ లేచిపోయాయి.

"అవి నేరాలు కాదురా మూర్ఖుడా! సన్మానాలు! నువ్వూ అక్కడే ఉన్నావుగా!"

"ఉన్నాను మహాప్రభూ. కానీ నేను చూసింది లెక్కలోకి రాదు. గుహలో ఉన్నదంతా నేరమేనని తమరే ఆజ్ఞాపించారు."

రాజుగారు జడ్జి వైపు తిరిగాడు. "ఏమయ్యా గజపతీ, నువ్వైనా చెప్పు!"

గజపతిగారు యువరాజు కాలు పట్టుకుని పలకలో పెట్టి చూశారు. సరిగ్గా కూర్చుంది. ఇంకోటి పెట్టి చూశారు. అదీ కూర్చుంది. ఆయనకి చెమటలు పట్టాయి.

"అడుగు మాత్రం బాబుదే మహారాజా. అడుగు పడిందని మట్టి చెబుతుంది గానీ, ఎందుకు పడిందో చెప్పదు. అది మేం ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు."

 అప్పుడు వరహాలమ్మ ముందుకొచ్చింది. భయం ఎక్కడికి పోయిందో ఏమో.

"మమ్మల్ని ఒక్కసారైనా అడగాల్సింది బాబుగారూ" అంది జడ్జితో, తర్వాత రాజుగారి వైపు తిరిగింది. "మీవాడిది ఆట అయితే, నాది దాహం. ఇద్దరి కాలూ ఒకే బురదలో పడింది. మీవాణ్ణి గుట్టకి పంపితే మావాణ్ణీ పంపండి. ఇద్దరూ కలిసి ఆడుకుంటారు."

రాజుగారు యువరాజుని చూశాడు. తాళ్ళతో కట్టిన పిల్లల్ని చూశాడు. గుట్ట మీద గడ్డి కూడా మొలవదని ఎప్పుడో ఎవరో చెప్పినట్టు ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. 

"శిబిరం రద్దు!" అన్నాడు. "పలకలన్నీ చెరువులో కలిపెయ్యండి. ఇకమీదట అడుగుజాడ దొరికితే, ఆ అడుగు ఎందుకు పడిందో పూర్తిగా విచారించాకే తీర్పు చెప్పాలి."

తాళ్ళు విప్పగానే సింహాద్రి వచ్చి తల్లి కడుపులో దూరాడు. వరహాలమ్మ వాణ్ణి మూతితో తోస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ, తిడుతూ ఇంటికి తీసుకుపోయింది. దారిలో ఉన్న ప్రతి బురదగుంటలోనూ వాణ్ణి దిగనిచ్చింది.

ఇక్కడితో అడవి బాగుపడిందనుకుంటున్నారా? అయ్యో, మీరెంత అమాయకులండీ!

ఎందుకు అని అడగడం మొదలుపెట్టాక గజపతిగారి కోర్టులో ఒక్క కేసు కూడా తెగలేదు. దుప్పి ఎందుకు వచ్చిందంటే దాహమంటుంది, దాహం ఎందుకంటే ఎండంటుంది, ఎండ ఎందుకంటే జడ్జిగారు పుస్తకాలు తిరగెయ్యాలంటారు. ఎవరికీ శిక్ష పడలేదు. గుహలోకి కొత్త పలక ఒక్కటీ రాలేదు. కొండముచ్చులు మాత్రం ఎప్పటిలాగే కొమ్మల మీదుగా వచ్చి, ఎప్పటిలాగే తొర్ర ఖాళీ చేసిపోయాయి. ఆ వానాకాలం సగంలోనే గాదె అడుగంటింది.

ఏడాది తిరిగేసరికి డాక్టర్ విశాలాక్షయ్య ఖాళీ గుహని శ్రద్ధగా మూలమూలా లెక్కపెట్టి కొత్త నివేదిక ఇచ్చాడు. తన పరిశోధన తర్వాత ఈ అడవిలో నేరమన్నది పూర్తిగా నశించిందనీ, ఇలాంటిది లోకంలో ఇంకెక్కడా జరగలేదనీ రాశాడు. రాజుగారు ఆనందబాష్పాలు రాల్చాడు. నిండు సభలో, ఖాళీ ఇప్పచెట్టు కింద, మంత్రి సుందరం చేతుల మీదుగా డాక్టరుగారికి శాలువా కప్పించాడు. ఆకలితో ఉన్న జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది మంత్రిగారి బావమరిది.

నీతి: రాజ్యంలో నేరాలు లేకుండా చెయ్యాలంటే, దొంగల్ని పట్టుకోవడం మానేస్తే చాలు.